కిటికీలోంచి వేసిన రుమాలు

ఎనభైల్లో గుంటూరులో వినుకొండ బస్సెక్కాలంటే ముందు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయాలి. ఎవరి రుమాలైతే వాళ్లదే సీటు. నేనూ వేసి, మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, జనంలో నలుగుతూ తలుపు దాకా చేరాను. లోపల్నుంచి ఒక కుర్రాడు అందరినీ తోసుకుంటూ ఎదురొచ్చి, నా రుమాలు నా చేతిలోనే పెట్టాడు.

"మీది పడిపోయిందండీ!"

కెన్యా నుంచి వచ్చి గుంటూరులో చదువుకుంటున్నాడట, తెలుగు మాత్రం బాగానే నేర్చుకున్నాడు. నా సీట్లో అప్పటికే ఒక భారీకాయం సర్దుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"పడిపోలేదయ్యా బాబూ, నేనే వేశాను! ఈ మోకాళ్లతో మూడు గంటలు నిలబడమంటావా?"

అతను తల పట్టుకున్నాడు. "పొద్దున మెస్సులో ఎడం చేత్తో తిన్నానని తిట్టారు. క్లాసులో కాలు మీద కాలేసుకున్నానని బయటికి పంపారు. ఇప్పుడు మీరు. ఇవన్నీ ఏ పుస్తకంలో ఉంటాయండీ?"

నరసరావుపేట దాకా ఇద్దరం మొహాలు ముడుచుకుని నిలబడ్డాం. అక్కడ ఒక సీటు ఖాళీ కాగానే అతను తన రుమాలు దాని మీద పరిచి, కూర్చోబోతున్న పెద్దమనిషి మీద గట్టిగా అరిచాడు.

"మనిషున్నారండీ!"

ఆ మనిషిని నేనే. కూర్చోగానే హాయిగా నిద్రపోయాను. వినుకొండలో లేచి చూస్తే అతని రుమాలు నా కిందే ఉంది. అతను ఎక్కడ దిగిపోయాడో మరి.