దండెమెక్కిన ఎనిమిదో నెంబరు లైను

బెజవాడలో దొరకని వస్తువు లేదని గొప్పలు చెప్పుకునేవాళ్ళకి ఒక మాట. దొరుకుతుంది, కాదనను. దొరికినదాన్ని మన చేతికి పూర్తిగా ఇస్తారా అన్నదే నా గోల. నాగాయలంక వెళ్ళి ఫ్లై ఫిషింగ్ చేద్దామనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, బస్సెక్కే ముందు ఇది చదివి ఎక్కండి.

పటమటలో నాకో మందుల షాపుంది. నాగాయలంక సలీము, నేను డిగ్రీలో ఒకే బెంచీ. వాడు వాళ్ళన్న ఖాసింతో కలిసి ఒక పడవ కొని, సరదాగా చేపలు పట్టుకునేవాళ్ళని పాయల్లోకి తిప్పుదామని బోర్డు పెట్టాడు. ఒక్కడూ రాలేదు. చివరికి బెంగుళూరు నుంచి ఒక పళ్ళ డాక్టరు వస్తానన్నాడు. "ఆదివారం ఆ మనిషి సంతోషంగా వెళ్తే సరే. లేదా, సాయంత్రం పడవ చూడ్డానికి మనుషులొస్తన్నారు, అమ్మేస్తన్నా" అని ఖాసిం తేల్చేశాడట. శుక్రవారం మధ్యాహ్నం సలీము ఫోన్లో ఏడుపు ఒకటే తక్కువ.

"ఒరేయ్, ఆ డాక్టరు లైను, అదే గాలం దారం, పగుళ్ళిచ్చిందంట. కొత్తది బెజవాడలో చూడరా. నీకు దణ్ణం పెడతా."

ఈ వేటలో గాలానికి కట్టేది ఎర కాదు, నాలుగు ఈకలు. వాటికి బరువుండదు కాబట్టి విసిరితే పోవు. అందుకని దారానికే బరువు పెడతారు. ముందు భాగం లావుగా, వెనక భాగం సన్నగా ఉంటుంది. లావు భాగం గాల్లో ముందుకు పోతూ ఈకల్ని లాక్కెళుతుంది. గాలం కర్ర మీద ఏ బరువు నెంబరుంటే లైను మీదా అదే ఉండాలి. డాక్టరుగారి కర్ర ఎనిమిది. తేలేవి, మునిగేవి అని మళ్ళీ రెండు రకాలు. పాయల్లో నీళ్ళు తక్కువ, అడుగంతా మడ చెట్ల వేళ్ళు. మునిగేది వేస్తే వేళ్ళకి చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. డాక్టరుగారు ఇవన్నీ ఓపికగా ఫోన్లో చెబితే నేనూ ఓపికగానే విన్నాను.

ఆ సాయంత్రం వన్‌టౌన్‌లో షాపు షాపూ తిరిగాను. ఒకాయన నైలాను దారం చేతిలో పెట్టి "దారమంటే దారమేనండీ, చేపకేం తెలుస్తది నెంబరు" అన్నాడు. ఇంకొకాయన మునిగే లైను చూపించి, పైకి లాగితే అదే తేలుతుందన్నాడు. ఒళ్ళు మండింది. చివరికి ఒక చిన్న షాపులో, దుమ్ముపట్టిన బీరువా అడుగున దొరికింది: ఎనిమిదో నెంబరు, తేలేది, ముందు లావు, వెనక సన్నం. పెట్టెతో సహా డాక్టరుగారికి ఫోటో పంపితే అదేనన్నారు. షాపాయన "తుడిచి, సర్ది ఉంచుతానండీ, పొద్దున్నే తీసుకెళ్ళండి" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం తొమ్మిదింటికి రబ్బరు బ్యాండేసిన పెట్టె చేతికిచ్చాడు. విప్పి చూసుకోవద్దా అంటారేమో. బియ్యం బస్తా కొంటే అడుగుదాకా తవ్వి చూస్తామా? బస్టాండుకొచ్చి పదింటికి అవనిగడ్డ బస్సెక్కాను. కంకిపాడు దాటాక సీటు దొరికింది. పక్కనున్న పెద్దాయన పెట్టె వంకే చూస్తున్నాడు.

"ఏంటండీ అది?"

"చేపలు పట్టే దారమండీ. నాగాయలంకకి."

ఆయన వెనకసీటు వైపు తిరిగి, అందరికీ వినపడేలా అన్నాడు: "నాగాయలంకోళ్ళకి బెజవాడ నుంచి గాలం దారం తీసుకెళ్తన్నారంట!" బస్సంతా నవ్వు. పళ్ళు బిగబట్టి ఉయ్యూరు చెరకుతోటలు చూస్తూ కూర్చున్నాను.

అవనిగడ్డలో దిగి హోటల్లో భోజనం చేశాను. గోంగూర పచ్చడి బాగుంది, సాంబారు వద్దని చెప్పండి. అక్కణ్ణుంచి ఆటోలో నాగాయలంక చేరేసరికి రెండున్నర. సలీము వాళ్ళ అరుగు మీద కూర్చుని పెట్టె విప్పి, ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగాను. అంతా సన్నమే. మళ్ళీ లాగాను, సన్నమే. ఒక కొస కత్తెరతో నున్నగా కోసి ఉంది.

షాపాయనకి ఫోన్ కొట్టాను.

"అదాండీ! రాత్రి తెలిసినాయన ఒకాయన దండేనికి గట్టి తాడు కావాలన్నాడండీ. లేదనలేకపోయా. సగం కోసి ఆ లావుది ఆయనకి అంటగట్టి, నాజూకైన ముక్క మీకే ఉంచానండీ" అన్నాడు, నాకేదో ఉపకారం చేసినట్టు!

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చిందల్లా తిట్టాను, అన్నీ ఇక్కడ రాయలేను. మన ఊళ్ళలో ఇదొక జబ్బు. అడిగినవాడికి లేదనకూడదని, ఇంకొకడి వస్తువు కోసైనా సర్దుతారు! సలీము మొహం చూడలేకపోయాను. ఖాసిం గుమ్మంలో నిలబడి, "ఒక తాడు తెచ్చుకోలేనోళ్ళు టూరిస్టుల్ని తెస్తారంటయ్యా" అని లోపలికెళ్ళిపోయాడు.

దండెం ఆయనది పామర్రు. షాపాయన్ని నానా మాటలూ అని అడ్రసు రాబట్టాను. వచ్చిన దారినే వెనక్కి బస్సెక్కి, పామర్రు సెంటర్లో దిగి, ఒక కొత్త నైలాను తాడు కొని, ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పెరట్లో రెండు స్తంభాల మధ్య నా లైను! దాని మీద తడి చీరలు, దుప్పట్లు, వరసగా క్లిప్పులు. ఇంటావిడ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. విషయమంతా చెప్పాను.

"చేపలకా ఇది?" అంది. "ఇప్పుడేగా ఆరేసిందండీ. ఆరాక తీసుకెళ్ళండి."

"అమ్మా, నాకు ఆఖరి బస్సుందమ్మా!"

"అయితే మీరే మార్చుకోండి. ఒక్కటి కింద పడ్డా మళ్ళీ ఉతకాల నేను."

చివరికి కొత్త తాడు కట్టి, ఒక్కో చీరా, ఒక్కో దుప్పటీ నేనే దాని మీదకి మార్చాను. మధ్యలో ఆవిడ "అట్టా కాదండీ, అంచు పైకి" అని దిద్దింది. మందుల షాపు ఓనర్ని, ఎవరి పెరట్లోనో ఎవరి చీరలో ఆరేస్తున్నాను! ఆవిడ కాఫీ ఇస్తానంది, తాగను పొమ్మన్నాను. తరవాత గ్లాసు చేతికిస్తే తాగాను.

ఆదివారం పొద్దున ఆరింటికి డాక్టరుగారు రేవుకొచ్చారు. రెండు ముక్కలూ చేతిలో పెట్టి జరిగింది చెబితే మనిషి కాసేపు నవ్వు ఆపుకోలేకపోయారు. లావుది ముందు, సన్నంది వెనక పెట్టి సన్నటి ముడి వేశారు. "కర్రకున్న రింగుల్లోంచి పోయేటప్పుడు ముడి టక్కుమంటుంది, పరవాలేదు. కోత లావు భాగం అయిపోయాక పడింది, అది అదృష్టం. ముందే పడి ఉంటే ఎందుకూ పనికొచ్చేది కాదు" అన్నారు. గుడ్డ పెట్టి తుడుస్తుంటే సబ్బు వాసన.

ఖాసిం మూతి ముడుచుకునే పడవ నడిపాడు. పాయలోకి వెళ్ళాక డాక్టరుగారు కర్ర ముందుకీ వెనక్కీ ఊపితే, ఆ లైను గాల్లో సాగి మడ వేళ్ళ అంచున నీళ్ళ మీద వాలింది. మునగలేదు. చాలాసేపు ఏమీ లేదు. సలీము గోళ్ళు కొరుకుతున్నాడు. ఎండెక్కాక కర్ర ఒక్కసారిగా వంగింది. టక్కుమని ముడి రింగుల్లోంచి బయటికి పోయింది. ఊడలేదు! పడవలోకి తెచ్చింది పండుగప్ప, సలీము చేతంత పొడుగు.

ఆయన దాని నోట్లోంచి గాలం తీసి, ముద్దొచ్చే పిల్లని దించినట్టు నీళ్ళలోకి వదిలేశారు.

"వదిలేశారేంటండీ!" ఖాసిం లేచి నిలబడితే పడవ ఊగిపోయింది. "పండుగప్పండీ అది! పండుగప్ప!"

నాకూ అరవాలనే ఉంది. దాని పులుసు కోసం కాకపోతే నేను దుప్పట్లు ఎందుకు ఆరేసినట్టు? డాక్టరుగారు మాత్రం తడి చేతులు తుడుచుకుంటూ, "నవంబరులో నలుగురం వస్తాం. అప్పటికి అది ఇంకాస్త పెరగాలి కదా" అన్నారు. ఖాసిం కూర్చున్నాడు.

సాయంత్రం రేవులో పడవ చూడ్డానికి ఇద్దరొచ్చారు. సలీము తల దించుకుని తాడు చుట్టుకుంటున్నాడు. ఖాసిం వాళ్ళని పడవ ఎక్కనివ్వలేదు. "అమ్మేది లేదు, పొండి" అన్నాడు. మొన్న రమ్మన్నది నువ్వేగా అని వాళ్ళు అడిగితే, మొన్నటి మాట మొన్నటిదన్నాడు. సలీము తాడు వదిలేసి మొహం అటు తిప్పుకున్నాడు.

నన్ను బస్సెక్కించడానికి అన్నదమ్ములిద్దరూ అవనిగడ్డ దాకా వచ్చారు. పాయలు చూడాలంటే తప్పకుండా వెళ్ళండి, వాళ్ళింటి భోజనానికి వంక లేదు. లైను మాత్రం మీ కళ్ళ ముందు కొస నుంచి కొసదాకా లాగించి కొనండి. షాపువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి. రెండు రోజులు బస్సుల్లో తిరిగి, ఊరంతా నవ్వగా, ఆ పండుగప్ప తోక ముక్కైనా దక్కకుండా ఇంటికి పోతున్నానన్న మంట ఇది రాస్తుంటే కూడా చల్లారలేదు.

బస్సు కదులుతుంటే ఖాసిం కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం చూసి ఒక్క మంచి మాట అనని మనిషి.

"ఈసారి వచ్చేటప్పుడు అట్టాంటి లైను ఇంకోటి తెండి. నాకు. నేనూ విసిరి చూస్తా."