లాప్‌టాప్ బాగానే ఉంది

ఆ లాప్‌టాప్‌ను నేను చేత్తో తడిమి కొన్నాను. నలుగురిని కనుక్కుని, నాలుగు షాపులు తిరిగి కొనేవాళ్ళుంటారు. నేను మాత్రం ముంబయిలో ఒక ఏసీ షాపులో నిలబడి, దాని అడుగున అరచెయ్యి పెట్టి కొన్నాను. అమ్మే మనిషి ముందు పెద్ద తెర చూపించాడు, తర్వాత కీబోర్డు పైన బారుగా ఉన్న స్పీకర్లు చూపించాడు. అడుగున ఇంకో స్పీకరుందనీ, మల్టీమీడియా మోడలంటే ఇదేననీ, పదేళ్ళదాకా దీని సంగతి పట్టించుకోనక్కర్లేదనీ చెప్పి ఒక పాట పెట్టాడు. నేను పెంచమన్నాను. పెంచాడు. ఇంకా పెంచమన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. ఇంత ఖరీదైన సరుకు భివండీవాడు కొంటున్నాడే అని చూస్తున్నారనుకుని నేను కాలరు సర్దుకున్నాను. అరచేతికి ఆ పాట దడదడమని తగిలింది. సాంచా మీద చెయ్యి వేసి అది సరిగ్గా నడుస్తోందో లేదో చెప్పగలిగినవాణ్ణి నేను. ఇది బాగా నడుస్తోందని అక్కడికక్కడే తేల్చేశాను.

సాంచాలంటే మరమగ్గాలు. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి ముంబయి పక్కన భివండీలో వాటి మీద బతికిన కుటుంబం మాది. మీసాలు రాకముందే నేను కార్ఖానాలో చేరాను. ఆ చప్పుడులో గొంతుతో పని జరగదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే వాళ్ళ ముందుకెళ్ళి నిలబడి, పెదవులు బాగా కదిపి, చేత్తో సైగ చెయ్యాలి. అలా పెదవులు చూసి మాట పట్టుకోవడం మాకందరికీ నడకలాగే అలవాటైపోయింది, దాన్నొక విద్య అని కూడా ఎవరూ అనుకోలేదు. మా నాన్నకు చివరి రోజుల్లో చెవులు బొత్తిగా వినపడేవి కావు. అది ముసలితనం అనుకున్నాం. ఆయన వెనక నిలబడి ఏదో ఒకటి అని నవ్వుకునేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

ఆయన పోయాక సాంచాలు మా అన్నకు వదిలేసి నేను పెళ్ళి వీడియోల పనిలోకి దిగాను. అందరూ వద్దన్నారు. దూది నుసి మింగుతూ చచ్చేదాకా ఇక్కడే ఉంటారా అని నేను అందరి మీదా నోరు పారేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొగరుకి నాకే సిగ్గేస్తుంది. మొదట్లో షూటింగు మాత్రం చేసి, ఎడిటింగు బయట ఇచ్చేవాణ్ణి. లాప్‌టాప్ వచ్చాక అన్నీ ఇంట్లోనే. భివండీలోనే టెంఘర్ పేటలోని మా ఇంట్లో దానికో బల్ల, బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద అది. దసరాకి మా అన్న సాంచాలకు పసుపూ కుంకుమా పెడితే, మా ఆవిడ దీనికి పెట్టింది. అప్పుడు తొణికిన నీళ్ళు కీబోర్డులోకి పోతాయేమోనని నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కేక అంటే మామూలుగా అన్నాననే నా ఉద్దేశం.

మాకు ఒక్కతే కూతురు. అప్పటికింకా బడికి పోయే వయసు కాదు. దాని గురించి నాకు మహా గర్వంగా ఉండేది. మిగతా పిల్లల్లాగా వెనక నుంచి అరవదు. నాతో ఏదైనా చెప్పాలంటే పని మానుకుని వచ్చి, నా ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి చెబుతుంది. పెద్దవాళ్ళంటే ఎంత మర్యాదో చూడండని చుట్టాలకు చెప్పుకునేవాణ్ణి. అలా అన్నప్పుడల్లా మా ఆవిడ వేరే పనేదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. ఈ మర్యాద ముదిరి ఒకసారి నా కొంప ముంచింది కూడా. కాల్హేర్‌లో ఒక పెళ్ళికి దాన్ని వెంట తీసుకెళ్తే, తలంబ్రాలు పోసుకునే సమయంలో కెమెరాకు సరిగ్గా అడ్డమొచ్చి నిలబడింది. పెళ్ళిపందిట్లో అందరి ముందూ కసిరాను. ముఖం చిన్నబుచ్చుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. ఆ ముక్క పాడైపోయిందని తెలుసు కాబట్టి, విననైనా వినకుండా కోసి లాప్‌టాప్‌లో ఒక మూల పడేసి మరిచిపోయాను.

లాప్‌టాప్ కొన్న కొద్ది రోజులకే దాని స్పీకర్లు నీరసంగా ఉన్నాయని అనుమానం మొదలైంది. షాపులో చేతికి తగిలిన దడ ఇంట్లోనూ తగులుతోంది గానీ, మాట మాత్రం లోపలెక్కడో గొణిగినట్టుంది. ఫుల్ సౌండ్ పెట్టాను. చాల్లేదు. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. స్పీకర్లు తక్కువగా పలుకుతున్నాయి కాబట్టి వీడియోలోనే సౌండ్ ఎక్కువ పెట్టి డీవీడీలు చేసిచ్చాను. టెంఘర్‌లో సాంచాలవాళ్ళంతా మెచ్చుకున్నారు. డోలు ఇంటిముందే కొడుతున్నట్టుందని ఒకాయన భుజం తట్టాడు. నేను గాల్లో తేలిపోయాను.

తర్వాత ధామన్కర్ నాకా అనే కూడలి దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపే మన తెలుగాయన కూతురి పెళ్ళి నాకొచ్చింది. ఆయన జన్మలో కార్ఖానాలో అడుగుపెట్టినవాడు కాదు. అలాంటి పెద్ద దుకాణాలవాళ్ళ పని రావడం అదే మొదలు. అది కుదిరితే ఆ నాకాలో దుకాణాలన్నీ నావే అనుకున్నాను. డీవీడీ ఇచ్చిన మర్నాడే ఆయన కబురు పెట్టి, గల్లా దగ్గర కూర్చోబెట్టుకుని, చాయ్ తెప్పించి మెల్లగా చెప్పాడు.

“తమ్మీ, బొమ్మ మస్తున్నది, దానికేం పేరు పెట్టేది లేదు. ఆవాజ్ జర తక్కువ జేసియ్యి. ఇంట్ల చిన్న పిల్లలు భయపడి ఏడ్చిన్రు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, లాప్‌టాప్ మీద. దాని స్పీకర్లు సరిగ్గా పలికితే నేను సౌండ్ పెంచే అవసరమే వచ్చేది కాదు కదా. ఇంకా వారంటీ ఉంది. ఠాణేలో సర్వీస్ సెంటరుందంటే, సంచీలో పెట్టుకుని ఆ రోజే బయల్దేరాను. దారి పొడుగునా వాళ్ళను ఏమని దులపాలో మనసులో వల్లించుకుంటూనే పోయాను.

అద్దాల తలుపులు, ఏసీ, కుర్చీల్లో వంతు కోసం కూర్చున్న జనం. కౌంటరు వెనక ఒక మరాఠీ అమ్మాయి. నా గోడు హిందీలో మొదలుపెట్టాను. ఆమె అరచెయ్యి కిందికి ఆడించింది. కూర్చోమంటోందనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మళ్ళీ అలాగే ఆడించింది. కూర్చునే ఉన్నాను కదమ్మా అన్నాను. వెనక ఎవరో నవ్వినట్టున్నారు, ఆమె వాళ్ళ వైపు కోపంగా చూసింది. లాప్‌టాప్ తెరిచి నేను చేసిన పెళ్ళి వీడియోనే పెట్టి ఫుల్ సౌండ్ ఇచ్చాను. చూశావా, ఇంతే వస్తోంది, దీనికా అన్ని డబ్బులు తీసుకున్నారని అడుగుతూ, డోలు వినపడుతుందేమోనని స్పీకర్ల మీదికి వంగాను.

వంగినవాణ్ణి తలెత్తి చూస్తే, కౌంటరు వెనక అమ్మాయి కుర్చీతో సహా వెనక్కి జరిగి ఉంది. పక్కాయన చేతిలో పేపరు ముడుచుకుపోయింది. ఒకామె ఒళ్ళోని పసివాడు తల్లి పైటలో ముఖం దాచుకున్నాడు. తల్లి వాడి చెవులు రెండు చేతులతో మూసి నన్ను చూస్తోంది. ఆ గదిలో లాప్‌టాప్ దగ్గరికి జరిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ అమ్మాయి చెయ్యి చాపి సౌండ్ తగ్గించింది. తెర మీద పంతులు నోరు కదుపుతున్నాడు. నాకేమీ వినపడలేదు. ఆమెకు వినపడుతోందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. భివండీ అన్నాను. ఆమె తలూపింది. అప్పటిదాకా కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడిన పిల్ల ఇటు తిరిగి, ముఖం నా ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటా పెదవుల మీద నిలిపి, లాప్‌టాప్ బాగానే ఉంది కాకా అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. అందరి కళ్ళూ వీపు మీద ఉండగా వైర్లు చుట్టుకుని సంచీలో కుక్కుకునేటప్పుడు నా తల కొట్టేసినట్టయింది. బస్టాండులో కూర్చుని చాలాసేపు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయాను. మా నాన్న వెనక నిలబడి నవ్విన నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇంటికి రాగానే మా ఆవిడ ముందుకొచ్చి నిలబడి అడిగింది.

“మంచిగైందా?”

“అయింది. లోపల వైరు లూజున్నదట, బిగించిన్రు.”

ఆమె నన్నొక క్షణం చూసి, అయితే మంచిదేనంది. ఆ అబద్ధం ఆడకపోతే నాకు గతి లేదనుకున్నాను. పెళ్ళి వీడియోలు చేసేవాడికి చెవులు లేవని ఎవరికైనా తెలిస్తే ఇంక నన్ను పిలిచేదెవరు? తిరిగి మా అన్న కార్ఖానాకే పోవాలి, పోయి అప్పట్లో నేనన్న మాటలన్నీ మింగాలి. డాక్టరు దగ్గరికి పోవడానికి కూడా ముఖం చెల్లలేదు. ఆ మర్నాటి నుంచి సౌండ్ పనంతా కళ్ళతో చెయ్యడం నేర్చుకున్నాను. ఎడిటింగు చేసేటప్పుడు తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగురుతుంటాయి. ఎరుపు తగలకుండా వాటిని కిందికి దించేవాణ్ణి. స్టీలు దుకాణమాయన కొత్త డీవీడీ చూసి ఇప్పుడు బాగుందన్నాడు. ఆయన చెప్పినందుకు నాకాలో ఇంకొన్ని పెళ్ళిళ్ళు వచ్చాయి. వచ్చిన ప్రతి పెళ్ళికీ నేను దొంగలాగా వెళ్ళి దొంగలాగా వచ్చాను.

లాప్‌టాప్ మాత్రం అమ్మినాయన మాట నిలబెట్టింది. బ్యాటరీ చచ్చిపోయింది, వైరు పెట్టి నడిపించాను. ఫ్యానులో దూది నుసి ఉండలు కట్టింది, కుంచెతో దులిపాను. తెర తిరిగే దగ్గర మడతబందు వదులైతే వెనక ఇటుక ఆనించాను. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి. స్పీకర్లు మాత్రం మొదటి రోజు ఎలా పలికాయో అలాగే పలికాయట. బాగు చేయించానని చెప్పాను కాబట్టి ఇంట్లో అందరి ముందూ ఫుల్ సౌండ్ పెట్టుకుని, ఇప్పుడు చూడండి ఎంత స్పష్టంగా ఉందో అనేవాణ్ణి. అవునవును అనేవాళ్ళు. ఎవరికీ తెలియనివ్వలేదు కదా అని నాలో నేను భుజం చరుచుకున్నాను.

అమ్మాయి హైస్కూలుకి వచ్చాక ఒక రోజు, సాంచాలకు సెలవు కావడంతో వీధంతా ఊరుకుని ఉంది. బండి మెకానిక్ దగ్గరుంటే నడిచి ఇంటికొచ్చాను. వాకిలి తీసే ఉంది. తల్లీ కూతుళ్ళిద్దరూ నాకు వీపు పెట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కాల్హేర్ పెళ్ళి నడుస్తోంది. నేను కోసి పడేసిన తలంబ్రాల ముక్క, ఎక్కడ దొరికిందో వాళ్ళకు. చప్పుడు లేదు. సౌండ్ కట్టేసి చూస్తున్నారేమో అనుకున్నాను. తెర మీద ఎవరూ మాట్లాడడం లేదు. పెళ్ళికొడుకు దోసిలి ఎత్తుతున్నాడు, అంతే. ఉన్నట్టుండి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అమ్మాయి తల మీద చిన్నగా మొట్టింది.

వాళ్ళు వింటున్నారు. అది అర్థమయ్యేసరికి నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. ఇంతలో అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇంకేమీ ఆలోచించకుండానే దాని వేలు సౌండ్ బటన్ మీదికి పోయింది, నొక్కుతూనే ఉంది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి భుజాలు బిగించి తలలు వెనక్కి తీసుకున్నారు. ఎన్నో ఏళ్ళ నుంచి చేస్తున్న పనిలాగా తీసుకున్నారు. రోజూ నా బండి చప్పుడు వినగానే జరిగేది ఇదేనన్నమాట. బండి లేక ఇవాళ దొరికిపోయారు. ఠాణేలో పరాయివాళ్ళు ఒక్కసారి ఓర్చుకోలేనిది నా ఇంట్లోవాళ్ళు నా పరువు కోసం ఇన్నేళ్ళు ఓర్చుకున్నారు. నేను సిగ్గుతో కుంగిపోయాను.

అప్పుడు వినపడింది. కెమెరా పక్కనే, కింద నుంచి, సన్నగా ఒక పసి గొంతు. బాపూ, దాహమైతుంది. కాసేపాగి మళ్ళీ, బాపూ. మళ్ళీ, బాపూ. తెర మీద తలంబ్రాలు పడుతూనే ఉన్నాయి, కెమెరా కదల్లేదు. ఆ కెమెరా వెనక ఉన్నది నేను.

“బాపూ, ఇనబడుతున్నదా?” అమ్మాయి లేచి వచ్చి, అలవాటు ప్రకారం నా ఎదురుగా నిలబడి అడిగింది.

“తక్కువ జెయ్యి బిడ్డా,” అన్నాను. “మొదటి నుంచి పెట్టు. నేను లేనప్పుడు మీరెంత పెట్టుకుంటరో గంతే పెట్టు.”

అది వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమె తలూపింది. అమ్మాయి సౌండ్ తగ్గించింది. ఒక దగ్గర దాకా నాకు కొంచెం కొంచెం తెలిసింది, తర్వాత ఏమీ లేదు. నేను చాప మీద వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాను. పెళ్ళికొడుకు దోసిలి ఎత్తాడు. వాళ్ళ భుజాలు వదులయ్యాయి. ఇంకాసేపటికి ఒక చిన్న పిల్ల కెమెరాకు అడ్డంగా వచ్చి నిలబడి, తల పైకెత్తి, నోరు బాగా తెరిచింది. ఆ పెదవుల మీద ‘బాపూ’ అన్న మాట నాకు స్పష్టంగా కనపడింది.