బస్సులో ఆగిపోయిన కోడి కథ

నాగ్‌పాడాలో బస్సెక్కి, అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాను. పక్క సీటులో నల్లకళ్లద్దాల పెద్దాయన, ఒళ్ళో లావుపాటి బ్రెయిలీ పుస్తకం మీద వేళ్ళు జరుపుతూ తనలో తాను నవ్వుకుంటున్నాడు.

"మన తెలుగోళ్ళ కామాఠీపురా బిడ్డవా?" అన్నాడు, నా తెలుగు విని. "ఇది తెలుగు కథల పుస్తకం."

"తెలుగు చదువుడు ఎక్కడ నేర్చుకున్నరు కాకా?"

"చదివింది మరాఠీ బడిలనే. బ్రెయిలీల మరాఠీ 'క'కు ఏ చుక్కలో తెలుగు 'క'కు గవ్వే చుక్కలు. కొత్తగ నేర్చుకునేది ఏం లేదు. నీకు చదవనీకి వస్తదా?"

"నాది గూడ మరాఠీ బడే కాకా. మాట్లాడుడొక్కటే వస్తది."

"అయితే ఇను."

తప్పిపోయిన కోడి కోసం ఊరందరితో తగువు పెట్టుకున్న ముసలమ్మ కథ అది. కళ్ళున్న నాకు ఆయన చదివి వినిపిస్తుంటే ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. దాదర్ రాగానే ఆయన పుస్తకం మూసేశాడు.

"కోడి దొరికిందా కాకా?"

"అచ్చు పుస్తకం గూడ దొరుకుతది. నువ్వే చదువుకో," అని పుస్తకం పేరు చెప్పి దిగిపోయాడు.

పుస్తకం కొని, అ ఆల నుంచి మొదలుపెట్టాను. కోడి ముసలమ్మ మంచం కిందే ఉందని తెలుసుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది.