డాక్టరు అన్న ‘నేచర్’

తెనాలిలో పదేళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన రజిని, అమెరికాలోని అరోరా వచ్చాక ఖాళీగా కూర్చోలేక 2007లో దగ్గరి ఆస్పత్రిలో దుబాసీగా చేరింది. పిల్లల దగ్గరికి వచ్చి జబ్బుపడిన పెద్దవాళ్లకీ, డాక్టర్లకీ మధ్య మాట అందించడం ఆమె పని.

మొదట్లో తడబడింది. డాక్టరు ‘నేచర్ ఆఫ్ ద పెయిన్’ అడిగితే, నొప్పి స్వభావం ఏమిటండీ అంది. ఆ పెద్దాయన తన స్వభావం గురించి అడుగుతున్నారనుకుని, తనకి కోపం తక్కువేనని చెప్పాడు. ఆ తర్వాత పొడిచినట్టుందా, మెలిపెట్టినట్టుందా అని అడగడం నేర్చుకుంది.

రెండేళ్లకి ఓ మధ్యాహ్నం పరంధామయ్యగారి గదికి పిలుపొచ్చింది. కూతురింటికి వచ్చాకే ఆయనకి లివర్ కాన్సర్ బయటపడింది. గది బయట కూతురు నీహారిక రజిని చెయ్యి పట్టుకుంది.

“అమ్మకి నేను చెప్పలేను ఆంటీ. మీరే ఎక్స్‌ప్లెయిన్ చేయండి.”

లోపల ఆయన మగతగా పడుకుని ఉన్నారు. కీమో ఇక పనిచేయడం లేదన్నాడు డాక్టరు. ఇక ‘నేచర్’ తన దారిన తాను వెళ్లనివ్వడమే మంచిదని ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు. రజిని కీమో సంగతి చెప్పి, ఇక ప్రకృతికి వదిలేద్దామంటున్నారు అంది.

పరంధామయ్యగారి భార్య సరోజమ్మ మొహం విచ్చుకుంది.

“ప్రకృతి వైద్యమా? మా ఆడపడుచుకి మట్టిపట్టీలతోనే నయమైందమ్మా. ఇక్కడ ఎక్కడ చేస్తారు?”

నీహారిక తల దించుకుంది. దుబాసీ సొంత మాట కలపకూడదు. తను చెప్పింది మరోలా అర్థమైందని రజిని డాక్టరుకి చెప్పి, ‘నేచర్’ అన్న మాట లేకుండా మళ్లీ చెప్పమంది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. రజిని సరోజమ్మ వైపు తిరిగింది.

“పిన్నిగారూ, ఇందాక నేనే సరిగ్గా చెప్పలేదు. ఇక ఏ మందూ ఈ జబ్బుని తగ్గించలేదంటున్నారు. నొప్పి తెలియకుండా మాత్రం చూస్తారట.”

సరోజమ్మ భర్త కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఇంటికి తీసుకెళ్లనిస్తారా అని అడిగింది. తీసుకెళ్లొచ్చన్నాడు డాక్టరు.

ఆయన కూతురింట్లోనే పోయారు. కొన్నాళ్లకి సరోజమ్మ గుడిలో కనిపించింది. చివరి రోజుల్లో ఆయన పెరుగన్నం అడిగి తిన్నారని చెప్పింది. ఆస్పత్రి సంగతి ఎత్తలేదు. క్షమించమని అడగాలనుకున్న రజిని, ఆ మాట మళ్లీ గుర్తుచేయడం ఎందుకని ఊరుకుంది.

ఇప్పుడు గదిలోకి అడుగుపెట్టే ముందే, లోపల ఏం చెప్పబోతున్నారో డాక్టర్లని అడిగి తెలుసుకుంటుంది. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతుంది.