మెత్తబడిన గోడ

నాలుగు రోజుల వాన నిన్న తెరిపిచ్చాక, ఆల్బనీలో మా ఎదురింటాయన తన క్యారవాన్ కిటికీ చుట్టూ, నీళ్లు దూరకుండా సందులు మూసే సీలెంట్ పట్టిస్తూ కనిపించాడు. కాఫీ కప్పుతో నిలబడి చూస్తున్న నాకు, రోడ్డు దాటి వెళ్లి ఆపమని చెప్పాలనిపించింది. చెప్పలేదు. మన వయసు వాళ్లు ఏం చెప్పినా చాదస్తంగానే కనబడుతుంది కదా.

మేము ఇదే దేశంలో దక్షిణాన డునెడిన్‌లో కాపురమున్న రోజుల్లో, నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ, మావారు కంప్యూటర్ ఉద్యోగంలో కుదురుకుంటూ ఉన్న కాలంలో, ఒక పాత క్యారవాన్ కొన్నాం. వేసవి సెలవుల్లో దాన్ని కారుకు తగిలించుకుని దక్షిణ ద్వీపమంతా తిరుగుదామని ఎనిమిదేళ్ల మా అమ్మాయికి మాట ఇచ్చాం. పై బెర్తు తనదేనని అది ముందే చెప్పేసి, ప్రతి శనివారం మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని అక్కడికే ఎక్కేది.

ఆ చలికాలం వాన ఎడతెగలేదు. మొదట క్యారవాన్‌లో తడి గోనెసంచి వాసన వచ్చింది, తర్వాత కిటికీ కింద టీ ఒలికినట్టు ఒక మరక. మావారు కిటికీ చుట్టూ సీలెంట్ పట్టించారు. మరక వారం రోజులు ఆగి, జానెడు అవతల మళ్లీ లేచింది. అక్కడా పట్టించారు. ఎంత వెతికినా నీళ్లు దూరే చోటు దొరకలేదు. గోడ లోపల ఏదో మా కంట పడకుండా తిరుగుతోందని నాకు బెరుకుగా ఉండేది, ఆయనతో అంటే నవ్వేసేవారు. కొన్నాళ్లకు మరకలు రావడం మానేశాయి. పై బెర్తు పక్కన గోడమీద మాత్రం పెద్ద సీతాకోకచిలుక స్టిక్కరు ఒకటి వెలిసింది. కూతురి మీద ప్రేమతో తెచ్చారని నేనూ మురిసిపోయాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు నేను దుప్పట్లు సర్దుతుంటే, పై నుంచి అమ్మాయి మామూలుగానే అంది.

“మమ్మీ, బటర్‌ఫ్లై వెనకాల వాల్ సాఫ్ట్‌గా ఉంది. ప్రెస్ చేస్తే లోపలికి వెళ్తోంది.”

దాన్ని వెంటనే కిందికి దింపాను. నేను స్టిక్కరు మీద నొక్కితే, బాగా ముగ్గిన అరటిపండులోకి దిగినట్టు వేలు దిగిపోయింది. అంచు పట్టి లాగితే, వెనక గోడ నా రెండు అరచేతులంత మేర నల్లబడి ఉంది.

ఈ దేశస్థుడే అయిన మా పక్కింటి కివీ అంకుల్ బతుకంతా క్యారవాన్లు బాగుచేసి రిటైరైన మనిషి. పిలిస్తే వచ్చారు. నీళ్లు కనబడే చోటే దూరాలని ఏమీ లేదని చెప్పి, తలుపూ కిటికీలూ టేపుతో మూయించి, బ్లోయరుతో లోపలికి గాలి పట్టించి, ఆ గాలి బయటికొచ్చే చోట బుడగలు లేస్తాయని బయటంతా సబ్బునీళ్లు పూయమన్నారు. నిచ్చెనెక్కి పూశాను. కిటికీ దగ్గర ఒక్క బుడగ లేదు. పైకప్పు గోడతో కలిసే చోట, రేకు పట్టీకి కొట్టిన స్క్రూల వెంట వరసగా బుడగలు లేచాయి. ఇన్ని నెలల వాన అక్కడ దూరి లోపలి చెక్కల వెంట దిగుతుంటే, మేము కింద సీలెంట్‌తో అది బయటపడే దారులన్నీ మూసుకుంటూ వచ్చాం.

లోపలి పలక విప్పితే చెక్క తడిసిన రస్కులా ఆయన వేళ్లలో రాలింది. బెర్తును బిగించింది ఆ చెక్కకే. ఆయన బెర్తు అంచు మీద చెయ్యి ఆనించి కొంచెం బరువు మోపారు. పెద్దగా చప్పుడైనా లేకుండా అది స్క్రూలతో సహా ఊడి కిందపడింది. ఒక్క గతుకుల రోడ్డు చాలేది అన్నారాయన, నా వైపు చూడకుండా.

ఆఫీసు నుంచి వచ్చిన మావారు భుజాన సంచీతోనే గుమ్మంలో నిలబడిపోయారు.

“మీకు తెలుసా?” అన్నాను.

“మరక తెలుసు, అందుకే దాని మీద స్టిక్కరు అంటించా. ఇంతుందనుకోలేదు. అమ్మాయికి ప్రామిస్ చేశాం కదా, తిరిగొచ్చాక చూద్దామనుకున్నా.”

కళ్లు మూసుకుంటే బెర్తు మీద పుస్తకం పట్టుకున్న పిల్లే కనబడేది. ఆ వేసవి ప్రయాణం లేదు. సెలవులన్నీ ఇద్దరం రేకు పట్టీ ఊడదీసి, కొత్త చెక్కలు వేసి, మళ్లీ బిగించడంతోనే సరిపోయాయి. పని అయ్యాక ఆయన తానే బెర్తు ఎక్కి అటూ ఇటూ దొర్లి చూశాక గాని అమ్మాయిని ఎక్కనివ్వలేదు.

ఇప్పుడు ఇంట్లో చిన్న చెమ్మ కనబడినా, ఎవరో మీటరుతో వచ్చి కొలిచి, ఫోటోలు ఫోనుకు పంపి వెళ్తారు. అమ్మాయి ఈ ఊళ్లోనే బోటనీ డౌన్స్‌లో తన పిల్లలతో ఉంది, తనకు అదేదీ సరిగా గుర్తులేదు. మావారు మాత్రం ఆనాటి నుంచి నా దగ్గర ఏదీ దాచలేదు. కారులో చిన్న చప్పుడైనా, ఒంట్లో చిన్న నలతైనా ముందే చెప్పేస్తారు. అది మంచిదే. కానీ దేన్నయినా తన చేతులతో బాగుచేసేయగలనన్న ధీమాతో నవ్వేసే ఆ మనిషిని ఆ వేసవి తర్వాత నేను మళ్లీ చూడలేదు.