లారీ కాగితాలకు లామినేషన్

ఆ రోజుల్లో అన్నానని మరీ పాతకాలం అనుకునేరు. స్లాటు ఫోన్లో బుక్ చేసుకుని, చలానా కూడా ఫోన్లోనే కట్టి, ఆ రెండింటి ప్రింట్లు పట్టుకుని మళ్లీ లైన్లో నిలబడే రోజులే. కాకపోతే నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో, మనకంటే తెలిసినవాళ్లు లోకంలో ఉంటారని తెలుస్తుంది గానీ, వాళ్లు మనింట్లోనే ఉండొచ్చని తోచదు. పటాన్‌చెరు దగ్గర ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో, సరుకు బయటికి పంపే సెక్షన్లో గుమస్తాగా చేసేదాన్ని. వచ్చే లారీ, పోయే లారీ నంబర్లు రిజిస్టరులో ఎక్కించడమే పని. మూడేళ్లు ఊళ్లోవాళ్ల లారీల నంబర్లు రాసి రాసి, ఒకరోజు నా లారీ నంబరు కూడా ఇందులో ఎందుకుండకూడదు అనిపించింది. (ఇంతకంటే లోతైన ఆలోచనే ఏదో ఉందని తర్వాత బ్యాంకువాళ్లకు చెప్పాను. అది నిజం కాదు.)

మా నాన్న తెనాలి వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ప్రభుత్వరంగ ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ డిపార్ట్‌మెంటు. అంటే ముప్పై ఏళ్లపాటు, వేరేవాళ్లు చేసుకొచ్చిన సామానులో తప్పులు పట్టడమే ఆయన పని. రిటైరై కిష్టారెడ్డిపేట ఫ్లాటులో కూర్చున్నాక కూడా ఆ డ్యూటీ దిగలేదు. మా అమ్మ పెట్టే ఉప్మా దగ్గర్నుంచి పాలవాడి కొలత దాకా అన్నీ ఆయన చేతిమీదుగా పాసవ్వాల్సిందే. నేను లారీ కొంటానంటే ఆడపిల్లకి లారీ ఏమిటని ఆయన అనలేదు. అని ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని. "లారీకి ఎన్ని కాగితాలుంటాయో తెలుసా నీకు?" అన్నారు. తెలియదన్నాను. "అయితే సరే. బండి నీది, కాగితాలు నావి. ఎవడో ఏజెంటు చేతిలో పెట్టావో, నేనొప్పుకోను" అన్నారు. అంత సులువుగా తేలిపోయిందేమిటా అని కాస్త నిరాశ పడ్డాను కూడా.

ఇంజను, చక్రాలు షోరూంలో కొని, వెనక సరుకు పెట్టే బాడీ పటాన్‌చెరు షెడ్డులో కట్టించాం. బాడీ కట్టే మేస్త్రీ వారంలో ఇస్తానన్నది మూడు వారాలకు ఇచ్చాడు. షోరూంవాళ్లు ఇచ్చిన తాత్కాలిక నంబరు నెల రోజులకే పనికొస్తుంది. ఆలోగా సంగారెడ్డి ఆర్టీవో ఆఫీసులో పక్కా నంబరు తీసుకోవాలి. ఇక్కడ నేను చేసిన తెలివైన పని ఒకటి చెప్పాలి. బండి ఇంకా షెడ్డులో ఉండగానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. ఆ కాగితం మీద సంతకం కింద గీత కూడా గీశాను. మా ఫ్యాక్టరీలో ఏ లారీకి లోడు ఇవ్వాలో చూసే పెద్దాయన్ని అందరం గేటు సారు అనేవాళ్లం. ఆయన నాకు రోజూ లోడు ఇస్తానన్నాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. "సోమవారం పొద్దుగాల పక్కా నంబర్‌తోని బండి గేటు కాడ ఉండాలమ్మా. లేకుంటె జోగిపేటాయన బండి పెట్టుకుంట. మల్ల నన్ననొద్దు" అన్నాడు. మాకు స్లాటు బుధవారం దొరికింది. బోలెడు టైముందని నల్ల కళ్లద్దాలు కొనుక్కున్నాను.

ఆఫీసు గేటు బయట ఒకాయన మోపెడ్ ఆపుకుని, సీటు మీద ఫైళ్లు పేర్చుకుని కూర్చునేవాడు. ఆ ఏజెంటుని అందరూ ఫైలన్న అనేవాళ్లు. మా నాన్న చంకలో ఫైలు చూడగానే లేచి, "పెద్దసారూ, ఈ పరేషాన్ మీకెందుకు? నాకియ్యిండ్రి, జల్దీ చేసిస్త" అన్నాడు. "నాకూ రెండు చేతులున్నాయి నాయనా" అన్నారు నాన్న. ఫైలన్న బాధపడలేదు, మా వెనకే నడిచాడు. నాన్న కట్టిన చలానాలన్నీ ఒక్కొక్కటే చదువుతున్నారు. రిజిస్ట్రేషను ఫీజు, కార్డు ఫీజు, ఆ కార్డు ఇంటికి పంపడానికి పోస్టు ఫీజు, బండి ఆరోగ్యంగా ఉందని చెప్పడానికి ఫిట్‌నెస్ ఫీజు, సరుకు మోయొచ్చని చెప్పడానికి పర్మిటు ఫీజు, వీటన్నిటి మీద సర్వీసు చార్జీ, అన్నీ అయ్యాక మూడు నెలలకోసారి పన్ను. పన్ను దగ్గర ఆగిపోయారు. "ఇంకా ఒక్క అట్టపెట్టె మొయ్యలేదే, అప్పుడే పన్నేమిటి?" అన్నారు. "లారీ నడిసినందుకు గాదు సారూ, ఉన్నందుకు పన్ను" అన్నాడు ఫైలన్న. నాన్న చలానా తిప్పి చూసి, అందులో తప్పు దొరక్క, ముందుకు నడిచారు.

బండిని చూసే ఆఫీసరు చుట్టూ తిరిగి, మా డ్రైవరుతో లైట్లు వేయించి, బ్రేకు కొట్టించి, బాగుందన్నాడు. మిగిలింది కౌంటరు. అక్కడున్న మేడం "ఓనరెవరు?" అంటే "నేనే" అన్నాను, కళ్లద్దాలు తీసి. నాన్న ఫైలు తెరిచి కాగితాలు లోపలికి జరిపారు. తళుక్కుమన్నాయి. అమ్మకం కాగితం, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని కంపెనీ ఇచ్చిన కాగితం, బాడీ మేస్త్రీ ఇచ్చిన కాగితం, అన్నీ నాలుగంచులా గట్టిగా లామినేషన్ అయి ఉన్నాయి.

ఇది చూసి నేను ఆశ్చర్యపోయానంటే అబద్ధమే. ప్లాంటు క్వార్టర్లలో పెరిగినవాళ్లెవరికైనా తెలుసు, ముఖ్యమైన కాగితం ఇంటికొస్తే దాన్ని మొదట లామినేషన్ షాపుకి తీసుకెళ్లి, ఆ తర్వాతే చదివేవాళ్లు. మా ఇంట్లో రేషన్ కార్డు, నా టెన్త్ మెమో, మా అమ్మానాన్నల పెళ్లి శుభలేఖ, ఆఖరికి మిక్సీ గ్యారంటీ కార్డు కూడా ప్లాస్టిక్కులోనే బతికాయి. (మిక్సీ పోయింది. గ్యారంటీ ఇప్పటికీ కొత్తగా ఉంది.)

"ఏందిది?" అంది మేడం.

"ఒరిజినల్సండి" అన్నారు నాన్న.

"ఒరిజినల్సే. గని ముద్ర యాడ కొట్టాలె? సంతకం యాడ పెట్టాలె?" అని, మాకు నమ్మకం కలగడానికి కాబోలు, అమ్మకం కాగితం మీద ముద్ర కొట్టి చూపించింది. సిరా చుక్కలు చుక్కలుగా జారి ఆవిడ బొటనవేలికి అంటుకుంది. నాన్న జేబురుమాలు తీసి ప్లాస్టిక్కు మీద ఒక్క తుడుపు తుడిచారు. "చూశారా, మరక కూడా పడలేదు" అన్నారు.

"గదే సార్ పంచాయితి" అంది మేడం. "షోరూంల అడిగి ఇంకొక సెట్టు తెచ్చుకోండ్రి. శుక్రారం లోపల తెస్తె ఈ ఫైల్లనే చేస్త. ఇంతకన్న నాతోని కాదు."

బయటికి రాగానే ఫైలన్న ధైర్యం చెప్పాడు. "ఇది పెద్ద పనే కాదు సారూ. కాగితాలు పోయినయని ఠాణాల ఒక దరఖాస్తు రాసియ్యిండ్రి. అది చూపిస్తె షోరూమోళ్లు రెండోది ఇస్తరు."

"పోలేదుగా. ఇవిగో ఉన్నాయి."

"ఉన్నయని ఎవ్వలకు చెప్పకుండ్రి."

"ఉన్నవాటిని పోయాయని నేను రాయను" అన్నారు నాన్న. పోయిన కాగితానికి ఒక దారుందట. పదిలంగా దాచిన కాగితానికి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం లేదు, సోమవారం దాటితే లోడు లేదు, ఊరంతా చెప్పుకున్న లారీ ఇంటిముందు ఊరికే నిలబడి మూడు నెలలకోసారి పన్ను కడుతుంది. ఫైలన్న ముందే, మా డ్రైవరు ముందే, గట్టిగా అరిచాను. "జీవితమంతా అందరి తప్పులూ పట్టారు. మీ ఒక్కరి తప్పు పట్టేవాళ్లు లేక ఇప్పుడు నా బతుకు మీదికొచ్చింది!" అన్నాను. అంటుండగానే సిగ్గేసింది. అయినా నోరు ఆగలేదు. ఆయన ఫైలు మూసి, తాడు కట్టి, లారీ ఎక్కి మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. సంగారెడ్డి నుంచి కిష్టారెడ్డిపేట దాకా ముగ్గురం రోడ్డే చూశాం.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్లారు. మధ్యాహ్నానికి షోరూం, మేస్త్రీ షెడ్డు తిరిగి కొత్త సెట్టుతో వచ్చి, కవరు నా చేతిలో పెట్టి, "తడవకుండా చూసుకో" అన్నారు. "షోరూంలో ఏం రాసిచ్చారండీ?" అని అమ్మ అడిగింది. "జరిగిందే రాశాను" అని భోజనానికి కూర్చున్నారు. ఆవేళ పప్పులో ఉప్పు తక్కువైంది. ఆయన ఏమీ అనలేదు, మాకు భయమేసింది.

శుక్రవారం మేడం కాగితాలన్నీ తిరగేసి, షోరూం ముద్రతో ఉన్న నాన్న ఉత్తరం నకలు దగ్గర ఆగి, మొత్తం చదివింది. "గిట్ల రాసిచ్చినోళ్లను నేనైతె చూడలే సార్" అని ముద్ర ఎత్తి ఠప్పున కొట్టింది. ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. నంబరొచ్చింది. సోమవారం గేటు తెరవకముందే మా లారీ అక్కడ నిలబడి ఉంది. నెల తర్వాత రిజిస్ట్రేషను కార్డు పోస్టులో వచ్చింది. గట్టి ప్లాస్టిక్కు కార్డు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసి, "వాళ్లు చేస్తే తప్పులేదు కాబోలు" అని అలమారాలో పెట్టారు.

ఆ ఉత్తరంలో ఏముందో నేను రెండేళ్ల తర్వాత గానీ చదవలేదు. ఫిట్‌నెస్ తేదీ వచ్చిందని ఫైలు వెతుకుతుంటే దాని నకలు ఇంకొకటి కనబడింది. ఆయన గుండ్రటి దస్తూరీలో అయిదే వాక్యాలు. 'నేను ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. కాగితాలకు లామినేషన్ చేయించింది నేనే, అది నా తప్పు. ఈ సంగతి ముందుగా లారీ యజమానురాలికి తెలియదు. ఆమె ఉద్యోగం మానుకుని ఈ బండినే నమ్ముకుంది. దయచేసి ఆలస్యం చేయవద్దు.' మా అమ్మాయి అని ఎక్కడా లేదు. యజమానురాలు అనే రాశారు. ఇప్పుడు నాకు మూడు లారీలున్నాయి, కాగితాలన్నీ ఫైలన్నే చూస్తాడు. ఎప్పుడైనా ఆ ఉత్తరం తీసి చదువుకుంటే, నల్ల కళ్లద్దాల అమ్మాయి కళ్లముందుకొచ్చి నవ్వొస్తుంది. ఆ యజమానురాలు ముందురోజు ఆఫీసు గేటు దగ్గర నలుగురిలో తననేమందో, ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు.