చుట్టూ కోత

మా ఊళ్లోకి కోతమిషన్ దిగిన రెండో ఏడు, ఎండాకాలం దాళ్వా పంట కోతలు. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. తడిస్తే ఆరెకరాల పంటా మొలకెత్తిపోతుందని నాకు అన్నం సయించడం లేదు. రావులపాలెం నుంచి మిషన్ అద్దెకి తెప్పించాను.

చేత్తో కోసిన రోజుల్లో మాకో పద్ధతుండేది. ఊరి వైపు గట్టున మొదలెట్టి, వరసగా కాలవ కేసి కోసుకుపోవడమే. చేలో దాక్కున్న జీవాలు ముందుకి జరిగి జరిగి కాలవ గట్టెక్కి పోయేవి. ఇరవై ఏళ్లు మా కోతల ముఠాని నడిపిన ముసలావిడ, మిషన్ వచ్చి కూలి పోయాక, రాలిన వెన్నులు ఏరుకోడానికి గోనెసంచి పట్టుకుని వచ్చేది. ఆ రోజూ వచ్చింది.

చుట్టూ తిరుగుతూ లోపలికి కోస్తే పని తొందరగా తెములుతుందన్నాడు డ్రైవరు. సరేనన్నాను. ఆవిడ గట్టు దిగి నా దగ్గరికొచ్చింది.

"లోపల అడివిపిల్లి పిల్లల్ని పెట్టిందండి బాబుగారూ. చుట్టూ కోసేస్తే ఎటు పోద్దండి? కాలవ వైపు వదిలి కోయించండి."

"కూలి పోయిందని నీ ఏడుపు. తప్పుకో," అన్నాను. నా నోరు అలాంటిది, మా ఇంట్లోవాళ్లనడగండి.

మిషన్ తిరిగింది. చేను తగ్గేకొద్దీ ఎలకలు బయటపడి చక్రాల కింద చితికాయి. జెర్రిపోతొకటి బ్లేళ్లకి దొరికి మూడు ముక్కలైంది, ఆ ముక్కలు దేనికది కొట్టుకున్నాయి. కొంగలు దిగి తింటున్నాయి.

మధ్యలో రెండు మంచాలంత చేను మిగిలేసరికి, పిల్లి ఒక పిల్లని కరుచుకుని బయటికి దూకింది. దుబ్బుల మీదుగా పరిగెత్తి కాలవ గట్టున దాన్ని దించి, మిగతావాటి కోసం మళ్లీ వెనక్కొచ్చింది. ఆపరా అని అరిచాను. ఆ మోతలో వాడికి వినపడలేదు. బ్లేళ్లు దాన్ని నడుం దగ్గర పట్టాయి. దాని అరుపు మాత్రం మోతని మించి వినపడింది.

నేల మీద పరిచిన పరదా మీద మిషన్ పోసిన వడ్లలో పిల్లి బూరు, నెత్తురు ముద్దలు, వేలంత కాలు. నా చేత్తోనే ఏరి పారేశాను. సిగ్గేసింది. వడ్లు మాత్రం పారబొయ్యలేదు.

ఆవిడ కాలవ కేసి నడిచింది. గట్టు మీద కళ్లు తెరవని ఆ పిల్లని గోనెసంచిలో పెట్టుకుని, వెన్నులేవీ ఏరకుండానే వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాణ్ణి.

డ్రైవరు చెమట తుడుచుకుని పక్క మడి చూపించాడు.

"ఇదెలా కోయమంటారండి?"

కాలవ వైపు వదిలి కోస్తే ఓ గంట ఎక్కువ పడుతుంది, అంతే. తలెత్తి మబ్బు కేసి చూశాను.

"చుట్టూనే కానియ్," అన్నాను.